ఆయన పేరు మీద నొప్పి

"నడుము ఎట్టుందబ్బా?" అని హజరత్తయ్య అరుగు ఎక్కుతూనే అడిగాడు.

లోపలి నుంచి మజ్జిగ చెంబుతో వస్తున్న పెంచలమ్మ గడప దగ్గర ఆగింది. ఆమె నోరు కొంచెం తెరుచుకుంది కూడా. ఇన్నేళ్ళయినా ఒంటికి బుద్ధి రాలేదు. ఎవరు ఆ మాట అడిగినా తననే అడిగారనుకుని జవాబు చెప్పబోతుంది. అంతలో నులకమంచం మీద నుంచి ఆమె మొగుడు పద్మనాభయ్య, "ఏముంది మామా, అట్నే ఉండాది. మబ్బు పట్టిందంటే ఇంక లేవబళ్ళా" అన్నాడు. అని, నడుం కింద చెయ్యి పెట్టుకుని మెల్లగా పక్కకు ఒత్తిగిలాడు. హజరత్తయ్య అయ్యో పాపం అన్నాడు. పెంచలమ్మ చెంబు ఇద్దరి మధ్యా పెట్టి, వంగినదల్లా లేవడానికి స్తంభం పట్టుకుంది. అది ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో నడుంనొప్పి ఎవరిదో కొడవలూరు అంతటికీ తెలుసు కాబట్టి చూడాల్సిన పని కూడా లేదు.

ఊరికి తెలిసింది తప్పు. నొప్పి పెంచలమ్మది. పద్మనాభయ్యది కార్డు మాత్రమే.

కాపురానికి వచ్చిన కొత్తలో, కడుపుతో ఉండగా, బావి చప్టా మీద పాచికి కాలు జారి పడిందామె. చంకలో నిండు బిందె ఉంది. బిందె సొట్టపోయింది, కడుపు పోయింది, నడుము పోయింది. బిందెకు సొట్ట తీయించారు. కడుపు పోయినందుకు అత్త ఆదిశేషమ్మ చాలా కాలం ముక్కు చీదింది. మగపిల్లవాడని మంత్రసాని చెప్పిందట. నడుము సంగతి ఎవరూ అడగలేదు. పెంచలమ్మ కూడా చెప్పలేదు. బిడ్డను పోగొట్టుకున్నది నడుము నొప్పని మూలిగితే ఏం బాగుంటుందని ఆమెకే సిగ్గేసింది. మైల తీరిన నాడే పొయ్యి ముందు కూర్చుంది. కూర్చున్నాక లేవలేక, ఎవరూ చూడకుండా గోడ పట్టుకుని లేచింది.

అప్పటి నుంచీ ఆ నొప్పి ఆమెతోనే కాపురం చేస్తోంది. ఒకసారి ఊళ్ళో ఉండే ఎల్.ఎం.పి. డాక్టరును ఇంటికి పిలిపించారు. పెంచలమ్మ తలుపు వెనక నిలబడింది. అత్త ముందుకొచ్చి, ఎడమకాలు లాగేస్తోందంట, అని సంగతి చెప్పింది. ఆయన తలుపును ఉద్దేశించి, ఆడవాళ్ళకు ఇట్టాంటివి మామూలేననీ, ఇంకో కాన్పు అయితే అదే సర్దుకుంటుందనీ అన్నాడు. ఆ తర్వాత ఇద్దరాడపిల్లలు పుట్టారు. వాళ్ళు పెరిగి అత్తవారిళ్ళకు పోయారు. నొప్పి సర్దుకోలేదు.

మందు పెట్టింది అత్తే. ఆదిశేషమ్మ దగ్గర ఒక కొయ్యభరిణె ఉండేది, అందులో నల్లమందు. పసిపిల్లలకు కడుపునొప్పి వచ్చినా, ముసలివాళ్ళు రాత్రంతా దగ్గినా ఆ రోజుల్లో పెద్దవాళ్ళు తీసేది అదే. ఒక ఏడు కోతలకు మనుషులు దిగిన నాడు కోడలు పొయ్యి ముందు నుంచి లేవలేకపోతే, ఆదిశేషమ్మ మిరియపు గింజంత ఉండ చేసి ఆమె నాలిక మీద పెట్టింది. కొంచెంసేపటికి పెంచలమ్మ లేచింది. కోత మనుషులందరికీ సంగటి కెలికింది, చారు కాచింది, గంప నెత్తిన పెట్టుకుని చేనికి పోయింది. అత్తకు కోడలి మీద దయ కలిగిందని అనుకోవచ్చు. సంగటి అందక కోత ఆగిపోతుందని గుబులు పుట్టిందనీ అనుకోవచ్చు. ఆదిశేషమ్మను ఎరిగినవాళ్ళెవరూ మొదటిది అనుకోరు.

మందుతో నొప్పి పోయేది కాదు. పక్కగదిలోకి పోయి కూర్చునేది. అక్కడే ఉందని తెలుస్తూ ఉండేది కానీ మీదికి వచ్చేది కాదు. నొప్పితో పాటు ఇంకా చాలా ఆ గదిలోకే పోయాయి. తల్లి చచ్చిపోయిందని కబురొచ్చిన నాడు పెంచలమ్మకు ఏడుపు రాలేదు; చెవిటివాళ్ళకు దూరంగా పిలుపు వినబడ్డట్టు ఏదో వినబడింది, అంతే. ఆ మొద్దుబారడం మందు వల్లనో ఇంటి వల్లనో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు. తేల్చుకోవాలనీ అనిపించలేదు. పొద్దున ఉండ వేసుకుంటే అత్త వెంటనే, "మందు పడింది కదా, ఇంక ఆ పప్పు విసురు" అనేది. మందు ఆమె సుఖానికి కాదని, ఆ ఇంటి పనికని అందరికీ తెలుసు. ఎద్దుకు చిట్టు పెట్టే లెక్క అది.

అప్పట్లో నల్లమందు అంగట్లో ఎవరడిగినా ఎంతో కొంత ఇచ్చేవాళ్ళు. తర్వాత ప్రభుత్వం బిగించుకుంటూ వచ్చింది. కార్డున్నవాళ్ళకే అన్నారు మొదట. ఆ పైన, ఈ మనిషికి ఈ జబ్బు, ఈ మందు లేకుంటే కుదరదు అని డాక్టరు రాసి సంతకం చేస్తేనే కార్డు అన్నారు. కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే తినాలన్నారు. ఆ మాట విన్న రోజున ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. పెంచలమ్మ అప్పుడు వంటింట్లో చేపలు తోముతోంది.

"మన ఇంటి ఆడమనిషి పేరు నల్లమందు తినేవాళ్ళ వరసలోనా?" అన్నాడు పద్మనాభయ్య. "అంగడి కాడ గట్టిగా పేరు పిలుస్తారు. పెంచలమ్మా అని వాడు పిలిస్తే నా తల యాడ పెట్టుకోవాల?"

"నీ పేరు రాయించుకోరా నాయనా. మగోడికి ఏం తప్పు. మందు దానికే కదా పోయేది" అంది ఆదిశేషమ్మ.

ఊరి డాక్టరు స్నేహితుడే. ఆయన పద్మనాభయ్యను చెయ్యి వేసి కూడా చూడలేదు. వెనకటికి ఆదిశేషమ్మ చెప్పింది గుర్తు చేసుకుని, ఎడమకాలి వరకు దిగే నడుంనొప్పి, అని ఇంగ్లీషులో రాసిచ్చాడు. పద్మనాభయ్య దాన్ని మడిచి ఇచ్చేచోట ఇచ్చి కార్డు తెచ్చుకున్నాడు. పేరు మార్చడం అంతే, వేరే ఎవరికీ నష్టం లేదనుకున్నారు.

అయితే పేరుతో పాటు నొప్పి కూడా బదిలీ అయింది. కార్డున్నవాడు బిందె మోస్తూ కనబడితే బాగుండదు కాబట్టి పద్మనాభయ్య బరువులు ఎత్తడం మానేశాడు. చేనికి నీళ్ళు మళ్ళించుకునే వంతు వచ్చినప్పుడు పెంచలమ్మే పార పట్టుకుని పోయేది. ఎవరైనా వస్తే ఆయన మంచం మీద నుంచి మెల్లగా లేచేవాడు. మొదట్లో వచ్చినవాళ్ళ కోసం లేచేవాడు, తర్వాత ఎవరూ లేకపోయినా అలాగే లేవడం అలవాటైంది. చుట్టాలు వచ్చి ఆయన్ని పలకరించి పోయేవాళ్ళు, ఇంత బాధతోనూ సంసారం ఈడుస్తున్నాడని మెచ్చుకునేవాళ్ళు. ఆదిశేషమ్మ కొడుక్కి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి పోసేది. సాయంత్రం పెంచలమ్మ ఆముదం కాచి ఆయన నడుముకు మర్దన చేసేది. ఒంగి మర్దన చేస్తుంటే ఆమె ఎడమకాలు మడమ దాకా మండేది. ఒకసారి తట్టుకోలేక మూలిగితే అత్త, "మొగుడు నొప్పితో పడుకోనుంటే నువ్వు మూలుగుతావేంది మే? ఇనేవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. అప్పటి నుంచి పెంచలమ్మ నొప్పి ఎక్కువైనప్పుడు కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకునేది. ఆ కొంగు చివర ఎప్పుడు చూసినా నలిగి తడిగా ఉండేది. ఉతికేటప్పుడు ఆమె దాన్ని గుర్తుపట్టి మరి కొంచెం సబ్బు రుద్దేది.

భరిణె కూడా చేతులు మారింది. కార్డు నాది కాబట్టి మందు నా దగ్గరే ఉండాలని పద్మనాభయ్య దాన్ని మొలలో దోపుకున్నాడు. పొద్దున్నే ఆమె వెళ్ళి ఆయన ముందు చెయ్యి చాపాలి. పులుసులో ఉప్పు ఎక్కువైన మర్నాడు ఉండ చిన్నదయ్యేది. ఆమె పుట్టింటి వైపు పెళ్ళికి పోతానన్న వారం ఇంకా చిన్నదైంది. "ఎవరన్నా అడిగితే రుచి కూడా చెప్పలేకపోతే ఎట్టా" అని ఆయన ఒకసారి కొంచెం తిన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా తిన్నాడు. కార్డు మీద ఇచ్చేది ఏటేటా తగ్గుతూ వస్తోంది. ఆ తగ్గినదాంట్లో ఆయన భాగం పోను మిగిలింది పెంచలమ్మది. మిరియపు గింజ పోయి పెసరగింజ అయింది. ఒక తుఫానుకు దారులు మూసుకుపోయి అసలే దొరకనప్పుడు ఆమె వంటింటి నేల మీద పడుకుని లేవలేదు. ఆ వాన రోజులు ఎలా గడిచాయో ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు, కానీ వాటి భయం గుర్తుంది. ఆమెకు మిగిలిన భయం అదొక్కటే.

ఇదీ సంగతి. ఇప్పుడు హజరత్తయ్య మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. ఆయనకూ ఉబ్బసానికి కార్డుంది; ఎవరికన్నా ముందు కబుర్లు తెచ్చేది ఆయనే.

"కార్డులన్నీ మళ్ళీ చూస్తారంట అల్లుడా" అన్నాడు. "ఊరి డాక్టరు రాసింది చెల్లదంట. నెల్లూరులో సర్కారు డాక్టరు మనిషిని పడుకోబెట్టి చూస్తాడంట. నొప్పి నిజంగా ఉండాదా, ఇంకో మందుతో పోదా, ఎంత తింటే సరిపోద్ది, అన్నీ ఆయనే రాయాలంట. ఇంట్లో మందు పెట్టే మనిషిని కూడా ఎంటబెట్టుకోని పోవాల. లేదంటే పేరు కొట్టేస్తారు."

పద్మనాభయ్య మంచం మీద నుంచి చటుక్కున లేచి కూర్చున్నాడు. అంత వేగంగా ఆయన లేవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు. హజరత్తయ్య కూడా ఒక క్షణం చూసి, చూపు మజ్జిగ చెంబు మీదికి తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు ముందే పద్మనాభయ్య భార్యను నడవలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేశాడు.

"యాడ నొప్పి నీకు?" అన్నాడు.

పెంచలమ్మకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. "నడుం నొప్పి నడుం నొప్పి అంటావే, యాడ మొదలవుద్ది, యాడికి పోద్ది, ఎట్టుంటది? సరిగ్గా చెప్పు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అందుకని జవాబు ఎప్పుడూ తయారు చేసుకోలేదు. నడుం కింద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఈడ మొదలవుద్ది అని చెప్పింది. నిప్పులో కాల్చిన తీగ తొడ వెనకాల నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంటదని, మోకాలి పక్కన ఒకసారి ఆగి మళ్ళీ మడమకు దిగుద్దని, తుమ్మినా దగ్గినా మెరుపు కొట్టినట్టు అవుద్దని చెప్పింది. పాదం బొటనవేలు దగ్గర చెప్పు ఊడిపోయినా తెలియదని చెప్పింది. తెల్లారుజామున లేచేటప్పుడు ముందు ఏ పక్కకు తిరగాలో రాత్రే అనుకుని పడుకుంటానని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన వింటున్నాడు. పిల్లల పెళ్ళి మాటలప్పుడు కూడా ఇంత శ్రద్ధగా విన్నవాడు కాదు. ఆమె లోపల, ఆ పక్కగదిలో, ఏదో కొంచెం కదిలింది.

"నిప్పుతీగ అన్నావే, అది బాగుండాది" అన్నాడు ఆయన. "ఇంకోసారి చెప్పు."

కదిలింది మళ్ళీ కూర్చుంది. ఆమె ఇంకోసారి చెప్పింది. ఆయన వెంట వెంట అన్నాడు. పాఠం అప్పజెప్పే పిల్లవాడికి మల్లే తప్పిన చోట తల గోక్కున్నాడు. తర్వాత చూపించమన్నాడు. పెంచలమ్మ ఆయనకు ఎదురుగా నిలబడి, ఎడమ పిర్ర మీద చెయ్యి పెట్టి, తొడ వెనక నుంచి మడమ దాకా వేలితో గీత గీసింది. ఆయన ఆమెనే చూస్తూ, అద్దంలో చూసుకుంటున్నట్టు, తన కుడి పిర్ర మీద చెయ్యి పెట్టి కుడి మడమ దాకా గీశాడు. మళ్ళీ ఒకసారి అలాగే చేశాడు. మూడోసారి కుడికాలు కొంచెం ఈడ్చి నడిచి చూపాడు. బాగా వచ్చింది.

పెంచలమ్మ ఆ కాలు వైపు చూసింది. తప్పు అని తెలిసింది. చెప్పాలనీ తోచింది. అంతలో ఆదిశేషమ్మ వంటింట్లో నుంచి, పాలు పొంగిపోతున్నాయి, యాడ చచ్చినావు, అని కేకేసింది. పెంచలమ్మ పోయి పాలు దించింది. దించాక మళ్ళీ నడవలోకి వచ్చి చెప్పొచ్చు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. కావాలని మానేసిందని అనడానికి లేదు. నోరు లేవలేదు, అంతే.

పరీక్ష రోజు పొద్దున ఆమె ఎప్పటిలాగే వెళ్ళి చెయ్యి చాపింది. పద్మనాభయ్య భరిణె తీశాడు, ఉండ చేశాడు, తన నోట్లో వేసుకున్నాడు.

"కళ్ళు చూస్తారంట, రోజూ తినేవాడా కాదా అని. నాకు పడాల ఈరోజు" అన్నాడు. "తిరిగొచ్చినాక నీకిస్తాలే."

పెంచలమ్మ చెయ్యి కాసేపు అలాగే చాపి ఉంది. తర్వాత దాన్ని కొంగుకు తుడుచుకుంది, అందులో ఏదో ఉన్నట్టు.

బస్సులో కూర్చునే చోటు లేదు. కార్డు మనిషిని ఎరిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి, నడుంనొప్పి ఆయన, జరగండి జరగండి, అని పద్మనాభయ్యకు చోటిచ్చారు. పెంచలమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. చేతిలో అన్నం క్యారియరు. బస్సు గుంటలో పడినప్పుడల్లా తీగ మడమ దాకా లాగింది. నెల్లూరు ఇంకా రాకముందే మందు లేని ఒళ్ళు మేలుకుంది. నొప్పి పక్కగదిలో నుంచి లేచి వచ్చింది. ఒక్కటే రాలేదు. వరి పొలాల పచ్చదనం కళ్ళకు గుచ్చుకుంది. ఎవరి ఒళ్ళోనో ఉన్న పసిబిడ్డ ఏడుపు గుచ్చుకుంది. తల్లి గుర్తొచ్చింది. చచ్చిపోయిన ఇన్నేళ్ళకు, కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడి, పెంచలమ్మ తల్లి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూర్చున్నవాళ్ళలో ఒకామె చూసి, మొగుడి బాధ చూడలేక ఏడుస్తోంది పాపం, అంది.

ఆసుపత్రి వసారాలో చాలామంది ఉన్నారు. కాళ్ళు ఉబ్బినవాళ్ళు, పుండ్లు పడినవాళ్ళు, కడుపులో కంతి ఉన్నవాళ్ళు. కార్డు మనుషులందరూ మగవాళ్ళే, ఆడవాళ్ళు వెంట వచ్చినవాళ్ళే. పెంచలమ్మ ఆ సంగతి గమనించింది. ఇన్ని ఊళ్ళలో ఆడవాళ్ళకు నొప్పులే లేవా, లేక వాళ్ళవి కూడా ఈ మగవాళ్ళలో కొందరి పేరు మీదే ఉన్నాయా అని ఒక్కసారి అనిపించింది. నర్సు రెబెక్కమ్మ తలుపు దగ్గర నిలబడి పేరు పిలిచింది. పద్మనాభయ్య కుడికాలు ఈడుస్తూ లోపలికి పోయాడు. పెంచలమ్మ వెనకాల పోయింది. ఆమె కాలు ఈడవలేదు. మూలగకుండా, ఈడవకుండా నడవడం ఆమె నేర్చుకున్న విద్య.

డాక్టరు యెహోషువ నడివయసు మనిషి. పొద్దుటి నుంచి చూసీ చూసీ అలసిపోయినట్టున్నాడు కానీ విసుగు లేదు. ముందు కూర్చోబెట్టి మాట్లాడాడు.

"ఇది మామూలు మందు కాదు. రాయాలంటే చట్టం నాకు కొన్ని షరతులు పెట్టింది. మనిషిని నేనే చూడాలి. నొప్పి నాకు తెలియాలి. ఎవరిదో వాళ్ళ పేరు మీదే రాయాలి. ఒకరి పేరు చెప్పి ఇంకొకరు తింటే రాసినందుకు నాదీ తప్పు, తెచ్చినందుకు మీదీ తప్పు, కార్డు అక్కడితో పోతుంది. అట్లాగని భయపడొద్దు. నిజంగా నొప్పి ఉన్నవాళ్ళకు ఇవ్వొద్దని చట్టంలో ఎక్కడా లేదు. చెప్పు, ఎట్లా ఉంటుంది?"

పద్మనాభయ్య చెప్పాడు. ఒక్క మాట తప్పకుండా చెప్పాడు. నిప్పుతీగ చెప్పాడు, మోకాలి పక్కన ఆగడం చెప్పాడు, తుమ్మితే మెరుపు చెప్పాడు, బొటనవేలి దగ్గర ఊడిపోయే చెప్పు చెప్పాడు. తెల్లారుజామున ఏ పక్కకు తిరగాలో రాత్రే అనుకుని పడుకోవడం చెప్పినప్పుడు డాక్టరు రాస్తున్న కలం ఆపాడు. తలెత్తి ఆయన్ని చూశాడు.

"చాలా బాధ పడ్డావయ్యా ఇన్నేళ్ళూ" అన్నాడు. "ఎట్లా ఓర్చుకున్నావో."

పెంచలమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఆ మాట విన్నది. ఆ మాట కోసం తను ఇన్నేళ్ళు ఎదురుచూసిందని అప్పుడే తెలిసింది. అది వచ్చింది. వచ్చి తన పక్కనుంచి పోయి ఆయన మీద వాలింది. ఆయన తల వంచుకుని దాన్ని తీసుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అవి దొంగనీళ్ళు కావు. అది ఆమెకు అన్నిటికన్నా భరించరానిదిగా అనిపించింది. కొంగు చేతిలోకి తీసుకుంది, నోటి దాకా తెచ్చింది.

డాక్టరు ఆయన్ని బల్ల మీద పడుకోమన్నాడు. కుడికాలు పట్టుకుని నిటారుగా పైకెత్తాడు. పద్మనాభయ్య సమయానికి కేక వేశాడు. ఎడమకాలు ఎత్తాడు. ఆయన ఊరుకున్నాడు. డాక్టరు రాసుకునే మేజా దగ్గరికి పోయి, ఊరి డాక్టరు రాసిచ్చిన పాత కాగితం చూశాడు. మళ్ళీ వచ్చి రెండు కాళ్ళ వైపూ చూశాడు.

"ఇందులో ఎడమకాలు అని ఉంది" అన్నాడు.

పద్మనాభయ్య ముఖం పాలిపోయింది. అలవాటున్న మనిషి కాబట్టి తొందరగానే తేరుకున్నాడు. "మారతా ఉంటది సార్, ఒకోసారి ఇటు, ఒకోసారి అటు. మా ఆడమనిషిని అడగండి. మందు పెట్టేది, నూనె పూసేది అంతా అదే. దానికి తెలుసు" అన్నాడు. అని ఆమె వైపు చూశాడు. నెత్తిన గంప పెట్టేటప్పుడు మనిషి నిలబడుతుందా లేదా అని చూసే చూపు అది.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "చెప్పమ్మా. ఏ కాలు?"

రెండూ సార్, అంటే చాలు. ఆ రెండు మాటలకు కార్డు నిలుస్తుంది. సాయంత్రానికి భరిణె తెరుచుకుంటుంది, పెసరగింజంత ఉండ నాలిక మీద పడుతుంది. నొప్పి పక్కగదిలోకి పోతుంది, దానితో పాటు అమ్మ కూడా, ఈ డాక్టరు అన్న మాట కూడా. రేపు హజరత్తయ్య వచ్చి నడుము ఎట్టుందని ఆయన్ని అడుగుతాడు. ఆ మాటలు అనకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. కార్డు పోతుంది. తప్పు చేశారని పట్టుకోవచ్చు. ఇంటికి పోయాక ఏమవుతుందో అసలు తెలియదు. తుఫాను నాటి వంటింటి నేల గుర్తొచ్చింది. ఆ భయం అలాగే ఉంది, ఏమీ తగ్గలేదు. కానీ ఈ పూట దానితో పాటు ఇంకోటి కూడా మేలుకుని ఉంది. ఆ నొప్పి ఆమెది. కడుపు పోయినా అమ్మ పోయినా ఇన్నేళ్ళూ ఆమెను విడవకుండా ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా ఇచ్చేయాలనిపించలేదు.

కొంగు వదిలేసింది.

"ఎడమకాలే సార్" అంది పెంచలమ్మ. "అయితే అది ఆయన కాలు కాదు. నాది."

"మే" అన్నాడు పద్మనాభయ్య, బల్ల మీద సగం లేచి. రెబెక్కమ్మ తలుపు దగ్గరగా వేసింది. డాక్టరు ఆమెను చాలాసేపు చూశాడు. ముఖాన్ని కాదు, ఆమె నిలబడిన తీరును, బరువంతా కుడికాలి మీద వేసి గోడకు ఆనిన తీరును.

"కార్డు పోతుందమ్మా" అన్నాడు. "నీకు రాస్తానో లేదో చూడకుండా చెప్పలేను."

"చూడండి" అంది.

డాక్టరు పద్మనాభయ్యను బల్ల దిగమన్నాడు. ఆయన దిగాడు. దిగి, ఏ కాలూ ఈడవకుండా పోయి గోడ పక్కన, ఇంతసేపూ ఆమె నిలబడ్డ చోట నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే క్యారియరు చేతిలోకి తీసుకున్నాడు. పెంచలమ్మ బల్ల ఎక్కడానికి కష్టపడింది. రెబెక్కమ్మ వచ్చి భుజం పట్టుకుంది. బల్ల మీద పరిచిన దుప్పటి ఆయన ఒంటి వేడికి ఇంకా వెచ్చగా ఉంది.

"ఎక్కడ మొదలవుతుందమ్మా? ఎట్లా ఉంటుంది?" అని అడిగాడు డాక్టరు.

ఆమె నోరు తెరిచింది. నిప్పుతీగ ఆయన వాడేశాడు. మెరుపూ వాడేశాడు. ఉన్న మంచి మాటలన్నీ అయిపోయాయి. "మీరు కాలు ఎత్తండి సార్, తెలుస్తుంది" అంది.

డాక్టరు ఆమె ఎడమ మడమ కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకి లేపాడు. పెంచలమ్మ చెయ్యి అలవాటుగా కొంగు కోసం వెతికింది, వెతికి మధ్యలో ఆగిపోయింది. ఆమె అరిచింది. వసారాలో కూర్చున్న మగవాళ్ళందరికీ వినబడేట్టు, ఇన్నేళ్ళదీ కలిపి అరిచింది.

ఎవరూ ఊరుకోమనలేదు.